పాలపంటి క్షయానికి మృదుచికిత్స: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పసిపిల్లల పాలపళ్ళలో వచ్చే క్షయానికి పన్నును తొలచకుండా, సూదిమందు లేకుండా చేసే చికిత్సలకు నేడు అంతర్జాతీయ గుర్తింపు ఉంది. ఇవి సరికొత్త ఆవిష్కరణలన్న భావన వ్యాప్తిలో ఉంది. పుచ్చిన భాగాన్ని పూర్తిగా తొలగించాలా, కొంత మిగల్చవచ్చా అన్న ప్రశ్న 19వ శతాబ్దం నుంచే దంతవైద్యంలో ఉందనీ, దానికి చెప్పుకున్న సమాధానం మారడంలో విద్యుత్తు లేని గ్రామాలు, ఒక సాధారణ దంతవైద్యురాలి అనుభవం ముఖ్యపాత్ర వహించాయనీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: దంతక్షయం, పాలపళ్ళు, వెండి ఫ్లోరైడ్, గ్లాస్ అయానమర్, హాల్ పద్ధతి, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగువారు పిప్పిపన్ను అని పిలిచే వ్యాధికి పన్నులో చేరిన పురుగే కారణమన్న నమ్మకం అనేక సమాజాలలో ఉండేది. పురుగును తీసివేస్తే బాధ పోతుందన్నది ఆ నమ్మకం నుంచి పుట్టిన తర్కం. 1890లో విలోబీ డేటన్ మిల్లర్ ప్రకటించిన సిద్ధాంతం పురుగు స్థానంలో సూక్ష్మజీవులను నిలిపింది. నోటిలోని బాక్టీరియా చక్కెరలను, పిండిపదార్థాలను ఆమ్లంగా మారుస్తుందనీ, ఆ ఆమ్లం పంటిలోని ఖనిజాలను కరిగిస్తుందనీ ఆయన వివరించారు. కారణం మారినా, కీడు చేసేదాన్ని సమూలంగా తవ్వితీయాలన్న తర్కం మాత్రం మారలేదు. దాని భారం ఎక్కువగా మోసినవారు పసిపిల్లలు. పాలపంటి ఎనామిల్ పొర పలుచన, లోపలి మజ్జ విశాలం. అందువల్ల తొలిచే పని మజ్జకు త్వరగా చేరుతుంది. కదలకుండా నోరు తెరిచి కూర్చోవడం మూడేళ్ళ బిడ్డకు సాధ్యం కాదు.

2. రెండు భిన్నాభిప్రాయాలు

లండన్‌కు చెందిన జాన్ టోమ్స్ 1859లో వెలువరించిన దంతశస్త్రవైద్య గ్రంథంలో ఒక సంయమనాన్ని సూచించారు. రంగు మారిన డెంటిన్ పొర ఒకటి మజ్జకు రక్షణగా మిగిలితే మేలనీ, దానిని తీయబోయి పన్నునే పోగొట్టుకోరాదనీ ఆయన అభిప్రాయం. సుమారు అర్ధశతాబ్దం తరువాత, 1908లో, అమెరికాకు చెందిన గ్రీన్ వార్డిమన్ బ్లాక్ తన గ్రంథంలో దీనికి విరుద్ధమైన నియమాన్ని ప్రతిపాదించారు. మెత్తబడిన డెంటిన్‌ను మజ్జపై మిగల్చడం కంటే, మజ్జ బయటపడినా దానిని తొలగించడమే ఉత్తమమని ఆయన భావించారు. భవిష్యత్తులో క్షయం రాకుండా పక్కనున్న ఆరోగ్యవంతమైన భాగాన్ని కూడా కొంత తొలచాలన్నది ఆయన మరొక సూత్రం.

బ్లాక్ నియమం నెగ్గడానికి తగిన కారణాలున్నాయి. సూక్ష్మజీవి సిద్ధాంతం ఆయన వాదానికి బలం చేకూర్చింది. పంటికి అంటుకునే గుణం లేని అమాల్గమ్ నిలవాలంటే పెట్టె ఆకారంలో గుంట తొలచక తప్పదు. ఫ్లోరైడ్ టూత్‌పేస్టు లేని ఆ కాలంలో క్షయం వేగంగా విస్తరించేది. అయితే పెద్దల శాశ్వతదంతాలకు రూపొందిన ఈ నియమం, కొన్నేళ్ళలో ఊడిపోయే పాలపళ్ళకు కూడా యథాతథంగా వర్తించింది. 1957లో అందుబాటులోకి వచ్చిన ఎయిర్ టర్బైన్ డ్రిల్లు పనిని వేగవంతం చేసింది గాని, దాని కీచుధ్వని పిల్లల భయాన్ని తగ్గించలేదు.

3. వెండి మందు: మరుగు, పునరాగమనం

తొలచకుండా క్షయాన్ని ఆపే ప్రయత్నం ఆ కాలంలోనే మరొకటి జరిగింది. 1891లో అమెరికన్ దంతవైద్యుడు స్టెబిన్స్ పిల్లల పుచ్చుపళ్ళపై సిల్వర్ నైట్రేట్ పూసిన అనుభవాన్ని ప్రకటించారు. 1917లో బోస్టన్‌కు చెందిన పెర్సీ హో అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని ప్రవేశపెట్టారు. బ్లాక్ సైతం పాలపళ్ళ విషయంలో సిల్వర్ నైట్రేట్ ఉపయోగాన్ని పేర్కొన్నారు. తరువాతి దశాబ్దాలలో ఈ పద్ధతి క్రమంగా మరుగునపడింది.

దానిని కొత్త రూపంలో తిరిగి తెచ్చినది జపాన్. 1960ల చివర ఒసాకా విశ్వవిద్యాలయంలో రెయిచి యమగా, మిజుహో నిషినోలు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్‌పై పరిశోధన చేశారు. ఇందులో వెండి సూక్ష్మజీవులను సంహరిస్తుంది. ఫ్లోరైడ్ ఖనిజాలు తిరిగి చేరడానికి తోడ్పడుతుంది. 38 శాతం గాఢత గల ఈ ద్రావణం 1970లో జపాన్‌లో ఆమోదం పొందింది. ఇది పుచ్చిన భాగాన్ని శాశ్వతంగా నల్లబరుస్తుంది. నొప్పి లేని చికిత్సకు ప్రతిఫలంగా బిడ్డ నవ్వులో నల్లమచ్చను అంగీకరించాలా అన్నది తల్లిదండ్రులు తీసుకోవలసిన నిర్ణయం.

ఫ్లోరైడ్ అన్నమాట తెలుగు పాఠకులకు నల్లగొండను గుర్తుచేస్తుంది. 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి ఫ్లోరోసిస్ వ్యాధి వివరాలు వైద్యపత్రికలో వెలువడ్డాయి. ఏళ్ళ తరబడి తాగునీటి ద్వారా దేహంలో చేరే అధిక ఫ్లోరైడ్ ఎముకలను, పళ్ళను దెబ్బతీస్తుంది. వైద్యుని చేతిలో, పుచ్చిన చోట అప్పుడప్పుడు పూసే చుక్క ప్రభావం వేరు. ఈ భేదాన్ని గుర్తించకపోతే అకారణమైన భయం గాని, నిర్లక్ష్యపు వాడకం గాని ఏర్పడుతుంది.

4. విద్యుత్తు లేని చోట

1980ల మధ్యభాగంలో టాంజానియాలో పనిచేసిన డచ్ దంతవైద్యుడు యో ఫ్రెంకెన్ ఎదుట ఉన్న సమస్య సిద్ధాంతపరమైనది కాదు. అక్కడి గ్రామాలలో డ్రిల్లు నడపడానికి విద్యుత్తు లేదు. పన్ను పీకడమే అందుబాటులో ఉన్న చికిత్స. చేతి పనిముట్లతో మెత్తని భాగాన్ని మాత్రమే గోకి, అంటుకునే సిమెంటుతో గుంటను మూసే పద్ధతి ఆ అవసరం నుంచి పుట్టింది. ఇది ఎ.ఆర్.టి.గా ప్రసిద్ధమైంది. బ్రిటన్‌లో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ 1972లో ప్రకటించిన గ్లాస్ అయానమర్ సిమెంటు తరువాత దీనికి ఆధారమైంది. పంటికి రసాయనికంగా అతుక్కోవడం, ఫ్లోరైడ్‌ను విడుదల చేయడం దాని విశిష్టతలు. 1991లో థాయిలాండ్‌లో క్షేత్రపరీక్ష మొదలైంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని ప్రోత్సహించింది.

5. మూసివేసిన క్షయం

స్కాట్లండ్‌లో నార్నా హాల్ అనే దంతవైద్యురాలు 1980ల నుంచి ఇంకొక అడుగు ముందుకు వేశారు. క్షయాన్ని ఏమాత్రం తీయకుండా, మత్తుసూది ఇవ్వకుండా, ముందే తయారైన స్టీలు తొడుగును సిమెంటుతో పాలదవడపంటిపై బిగించారు. చక్కెర అందని బాక్టీరియా లోపల నిస్తేజమవుతుందన్నది దీనిలోని సూత్రం. ఆమె 259 మంది పిల్లలకు అమర్చిన 978 తొడుగుల వివరాలను డండీ విశ్వవిద్యాలయానికి చెందిన నికోలా ఇన్స్ బృందం విశ్లేషించి 2006లో ప్రచురించింది. ఆ తరువాత 132 మంది పిల్లలతో యాదృచ్ఛిక పరీక్ష జరిగింది. ఐదేళ్ళకు తీవ్ర వైఫల్యాలు హాల్ పద్ధతిలో 3 శాతం కాగా, సాధారణ పూరకాలలో 16.5 శాతమని 2011లో వెల్లడైంది. టోమ్స్ సంయమనానికి ఒకటిన్నర శతాబ్దం తరువాత ఈ విధంగా ప్రయోగాధారం లభించింది.

6. ఆధారాలు తేల్చినదీ, తేల్చనిదీ

ఈ కథను బ్లాక్‌పై సాధించిన విజయంగా ముగించడం సరికాదు. బ్రిటన్‌లో 3 నుంచి 7 ఏళ్ళ వయస్సు గల 1,144 మంది పిల్లలపై జరిగిన ఫిక్షన్ పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. సాధారణ పూరకం, క్షయాన్ని మూసివేయడం, కేవలం నివారణ అనే మూడు మార్గాలను అది పోల్చింది. మూడింటిలోనూ 40 నుంచి 45 శాతం పిల్లలకు కనీసం ఒకసారి పంటినొప్పో, ఇన్‌ఫెక్షనో వచ్చింది. మార్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అంటే క్షయం ముదిరిన తరువాత ఏ చికిత్సా పూర్తి రక్షణ కాదు. అయినా ఫలితం సమానమైనప్పుడు, పసివానిని తక్కువ బాధపెట్టే మార్గాన్ని ఎంచుకోవడానికి నైతికమైన ఆధారం బలపడుతుంది.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్, గ్లాస్ అయానమర్ సిమెంటు చేరాయి. పేదదేశాల తాత్కాలిక ఏర్పాటుగా ఒకప్పుడు తక్కువగా చూసిన సాధనాలు ఈ విధంగా సార్వత్రిక ప్రమాణంలో భాగమయ్యాయి.

7. ముగింపు

పాలపంటి చికిత్సాచరిత్ర పరికరాల అభివృద్ధి కథ మాత్రమే కాదు. జ్ఞానం కేంద్రం నుంచి అంచులకు ప్రవహిస్తుందన్న సాధారణ భావనకు ఇది భిన్నమైన ఉదాహరణ. విద్యుత్తు లేమి, పిల్లల భయం వైద్యానికి అవరోధాలుగా కనిపించాయి. వాటిని గౌరవించినవారే, సగం మరచిన పాత ప్రశ్నను తిరిగి అడగగలిగారు. పుచ్చును ఎంత తీయాలన్నది శాస్త్రీయమైన ప్రశ్న. బిడ్డ ఎంత బాధ భరించాలన్నది కూడా దానిలో భాగమేనని గ్రహించడానికి ఆ శాస్త్రానికి శతాబ్దానికి పైగా పట్టింది.