మా టీకి ఇరాన్ పేరెందుకు?

రంజాన్ నెల వచ్చిందంటే బెజవాడ వన్‌టౌన్‌లో ఫ్లెక్సీలు లేస్తాయి. ‘హైదరాబాదీ హలీమ్’, ‘ఒరిజినల్ ఇరానీ చాయ్’. పంజా సెంటర్ చుట్టుపక్కల తరావీహ్ నమాజు ముగిశాక జనం ఆ ఫ్లెక్సీల కిందే మూగుతారు. మేమూ వెళ్తాం. తాగుతాం. బాగుంటే బాగుందనే అంటాం. అయినా ఒక మాట అడగాలి. కృష్ణాజిల్లా సాయిబు పండగ టీ తాగాలంటే దానిమీద హైదరాబాద్ ముద్రో, ఇరాన్ ముద్రో ఎందుకు? మమ్మల్ని పరాయివాళ్లుగా చూసేవాళ్లు ‘మీ ఇరానీ చాయ్’ అంటారు. హైదరాబాద్ చుట్టాలేమో మా ఉర్దూ విని నవ్వుతారు. ఈ ఇద్దరి మధ్యా మా గ్లాసు కనపడకుండా పోతోంది.

ఇరాన్‌తో మాకు సంబంధం లేదని కాదు. ఉంది. అదీ హోటల్ బోర్డు కన్నా చాలా పాతది. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం ఓడలు బందర్ అబ్బాస్‌కి పోయేవి. బందరు అన్న మాటే ఫారసీ. పెడన నేతగాళ్ల నోట్లో ఆడే కలంకారీ కూడా ఫారసీ మాటే. గోల్కొండలో చక్రం తిప్పిన మీర్‌జుమ్లా అంతకుముందు ఈ రేవు వ్యవహారాలు చూసిన ఇరానీయుడు. అయితే ఆ ఓడలు దిగినవాళ్లు మాకు టీ నేర్పలేదు. వాళ్ల దేశంలో అప్పుడు నలుగురూ కూడే చోటు కాఫీ అంగడి, కహ్వేఖానా. ఇరాన్ జనం పెద్దఎత్తున టీకి మళ్లింది 19వ శతాబ్దంలో. లాహిజాన్‌లో తేయాకు తోటలు వేసుకున్నది 1900 ప్రాంతంలో. కాఫీ పోయి టీ వచ్చినా అక్కడ ఆ అంగడిని కహ్వేఖానా అనడం మానలేదు. పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి. మన ఇరానీ చాయ్ కూడా అంతే. హైదరాబాద్‌లో స్థిరపడ్డ ఇరానీ హోటళ్లవాళ్లు ఈ దేశపు ఆకు, ఈ దేశపు పాలతో ఇక్కడే తయారుచేసుకున్న రుచి అది.

మరి మాకు టీ పోసిందెవరు? తెల్లదొరల తోటలు. అస్సాం కంపెనీ పుట్టింది 1839లో. పండిన ఆకంతా మొదట్లో ఇంగ్లండుకే. ఈ దేశంలోనూ అమ్ముకోవాలన్న ఆలోచనతో 1903లో ఎగుమతి టీ మీద సెస్సు వేయించుకుని, ఆ డబ్బుతో ప్రచారం మొదలెట్టారు. 1929 మాంద్యంలో ధరలు కూలాయి. 1933 ఒప్పందంతో ఎగుమతులకు కోటా పెట్టారు. మిగిలిన సరుకు ఎవరు తాగాలి? మనమే. సంతల్లో, రైల్వేస్టేషన్లలో, ఇళ్లముందు ఉచితంగా కాచి పోసి అలవాటు చేశారు. నిజాం రైలు 1889లోనే బెజవాడ చేరింది. మద్రాసు దారీ కలిశాక ఇది పెద్ద జంక్షన్. జంక్షన్ అంటే కూలీలు, కళాసీలు, రాత్రి మేలుకునేవాళ్లు. టీ అడిగేది వాళ్లే. తమిళదేశంలో కాఫీ బ్రాహ్మణ, మధ్యతరగతి ఇళ్లకూ, టీ కూలీజనానికీ అంటుకుపోయిన తీరును చరిత్రకారుడు ఏ.ఆర్. వెంకటాచలపతి రాశారు. కోస్తాలో కాఫీ హోటలుకున్న మర్యాద టీకొట్టుకు ఎందుకు లేదో అది చదివితే తెలుస్తుంది.

మాటలోనూ చరిత్ర ఉంది. ఫారసీ మీదుగా నేలదారిన వచ్చింది చాయ్. చైనా ఫుకియన్ రేవుల మాట డచ్చి ఓడలెక్కి, ఇంగ్లీషు నోట్లోపడి, మనదాకా వస్తే టీ. డెల్టాలో మేం టీ అనే అంటాం. ఇంట్లో ఉర్దూలో చాయ్ అని, కొట్లో టీ అని అడుగుతాం. ఒకే గ్లాసుకు రెండు పేర్లు. మాకది ఇబ్బందిగా లేదు.

ఇక రుచి సంగతి. రోజా విడిచిన కాసేపటికి తాగే టీకి నాలుక పదునుగా ఉంటుంది. దొంగసరుకును ఇట్టే పట్టేస్తుంది. ఇరానీ పద్ధతిలో డికాక్షన్‌ని మూతపెట్టి దమ్ మీద ఉంచుతారు. పాలు వేరే మరగకాచి చిక్కబరుస్తారు. కలిపితే మీగడ కమ్మదనం ముందొచ్చి, ఒగరు ఆఖర్న తెలుస్తుంది. రెండో కప్పు మాత్రం బరువు. ఏలక్కాయ టీలో చెయ్యి జారితే అది టీ కాదు, ఆకు వేసిన పాయసం. బాదం టీ పెళ్లివారి మర్యాద, దాహం తీర్చదు. తందూరి కుండ టీలో పొగ వాసనకే డబ్బులు. నిమ్మకాయ పిండిన నల్ల టీ మలబారు సులేమానీకి తమ్ముడు, హలీమ్ తిన్న నోటికి మంచి మందు. మేం ఓటేసేది మాత్రం అల్లం టీకే. కాలవ పక్కన వరిగడ్డి మేసిన గేదె పాలు, డస్ట్ టీ, దంచిన అల్లం, ఉయ్యూరు పంచదార. అల్లాన్ని తరగకూడదు, దంచాలి. డికాక్షన్‌లో మరగాలి. పాలు పోశాక వేస్తే ఒక్కోసారి విరిగిపోతాయి. జలుబు చేసిన ఇంట్లో దాదీ అదే టీలో మిరియం, శొంఠి వేసేది. శ్రీరామనవమి పానకంలోనూ మిరియం, శొంఠి, ఏలక్కాయే. పీర్ల పండక్కి పంచే పానకంలో కూడా ఉజ్జాయింపుగా అవే. ఈ దినుసులు ఏ మతానివో తేల్చమంటే కిరాణాకొట్టు శెట్టిగారిని అడగాలి.

గ్లాసు సంగతి అంత తేలిక కాదు. బ్రిటిషు కాలంలో స్టేషన్లలో ‘హిందూ చాయ్’, ‘ముస్లిం చాయ్’ అని విడివిడిగా అమ్మేవారు. నీళ్ల కుండలూ వేరే. అది పోయాక కూడా పల్లెల్లో టీకొట్టు చూరులో దళితుల గ్లాసు వేరే వేలాడింది. తాగి, కడిగి, వాళ్లే అక్కడ పెట్టిపోవాలి. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత దళిత ఉద్యమం ఆ రెండు గ్లాసుల్ని నలుగురిలో నిలబెట్టి అడిగింది. మా సాయిబులు ఆ చూరు కింద బెంచీ మీద కూర్చున్నారా, బయట నిలబడ్డారా? ఊరూరికీ ఒక్కో జవాబు. సయ్యదు ఇంట్లో దూదేకులాయనకు ఏ కప్పులో ఇచ్చారన్నది కూడా మనలో మనం అడుక్కోవాల్సిందే. ఇస్లాంలో ఎక్కువతక్కువలు లేవన్న జవాబు ఆ కప్పు దగ్గర పనికిరాదు.

2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో తిండి అంగళ్లవాళ్లు యజమానుల పేర్లు రాసి పెట్టాలన్నారు. సుప్రీంకోర్టు జులై 22న ఆ ఆదేశాన్ని నిలిపేసింది. పేరు చదివి టీ తాగాలా వద్దా అనుకోమనడం, ఆ పాత స్టేషను కేకకు కొత్త బోర్డు. అందుకే ‘ఇరానీ’ బోర్డు మాకు ఉత్త సరదాగా కనపడదు. మేమే మా మీద రాసుకుంటున్న పరాయి పేరు అది.

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, దాంతో రుచీ మారుతుంది. 2018లో మే నెల బెజవాడ ఎండలో వచ్చింది. అప్పుడు షర్బత్‌దే రాజ్యం, టీ సంగతి తరావీహ్ తర్వాతే. 2027లో నెలవంకను బట్టి ఫిబ్రవరి 8, 9 ప్రాంతంలో మొదలవ్వాలి. గుణదల మేరీమాత తిరనాళ్లు ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు. మొక్కులు తీర్చుకున్నవాళ్లూ, రోజా విడిచినవాళ్లూ చలిలో ఒకే బాయిలర్ చుట్టూ చేరతారు. కొట్టువాళ్లు అల్లం ముందే కొనిపెట్టుకుంటే మంచిది.