మహానంది నీరు, మఠాల మాన్యాలు

దేవాలయాల చరిత్ర అనగానే మనలో రెండు రకాల మాటలు వినబడతాయి. స్థలపురాణాన్ని ఉన్నదున్నట్టు చరిత్రగా అప్పజెప్పడం ఒకటి. ఇవన్నీ భూస్వామ్య దోపిడీ చిహ్నాలే, వీటితో మనకు పనిలేదని కొట్టిపారేయడం రెండోది. మొదటిది భక్తి అనిపించుకొంటుంది, రెండోది అభ్యుదయం అనిపించుకొంటుంది. రెండూ శాసనాలు చదివే శ్రమను తప్పించేవే. నల్లమల అంచున ఉన్న మహానందినీ, చుట్టుపట్ల మఠాలనూ తీసుకొని మూడో దారి ఏదైనా ఉందేమో చూద్దాం.

నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరాన, తూర్పున కొండల అడుగున మహానంది వుంది. గర్భాలయ శిఖరం వంపు తిరిగిన నాగర పద్ధతిది. అలంపురం నవబ్రహ్మ ఆలయాల శిఖరాలకు అది దగ్గరి చుట్టం. కాబట్టి 7, 8 శతాబ్దాల బాదామి చాళుక్యుల కాలానికి దీన్ని చెందించడం సబబే. చుట్టూ ఉన్న మండపాలు, గోపురం తర్వాతి కాలాల చేర్పులు. కాని మహానందిలో అసలు విశేషం శిఖరం కాదు, నీరు. నల్లమల రాళ్ల పగుళ్లలో ఇంకిన వాననీరు కొండ మొదట్లో ఊటలై పైకి వస్తుంది. కోనేరు, గుండాలు నింపి, ఎండాకాలంలో కూడా ఆగకుండా బయటికి పారి, సుమారు రెండు వేల ఎకరాలను తడుపుతుంది. చుట్టూ అరటితోటలు, వరిమళ్లు. అక్కడికి నాలుగు ఆమడల దూరంలో జొన్నచేను వాన కోసం ఆకాశం వంక చూస్తుంటుంది. 1876-78 కరువులో కర్నూలు, బళ్లారి, కడప సీమలు ఎట్లా మలమల మాడిపోయాయో తెలిసినవారికి, ఎండని ఊట ఈ నేల మీద ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి ఊట దేవుడి నివాసం కాకుండా ఉండడమే వింత. నవనందులని పేరుపొందిన క్షేత్రాలన్నీ నంద్యాల చుట్టుపట్లనే ఉన్నాయి. మహానంది ఐతిహ్యంలో రాజుగారి మందలోని ఒక ఆవు అడవిలో పుట్టమీద పాలు కారుస్తుంది. వెంబడించిన రాజును చూసి బెదిరి పుట్టను తొక్కుతుంది. ఆ గిట్టముద్ర లింగం మీద నిలిచిపోయిందంటారు. ఆవు, కాపరి, పుట్ట, అడవి - ఈ కథలో ఆగమశాస్త్రం కంటే పశువుల కాపరుల జీవితమే ఎక్కువ కనబడుతుంది. అహోబిలంలో నరసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడాడు. శ్రీశైలంలో మల్లన్న చెంచుమల్లయ్య అయ్యాడు. అడవి మనుషుల దేవుళ్లను పైవర్ణాల మతం తనలో కలుపుకొన్నది; దేవుణ్ణి అల్లుణ్ణి చేసుకొన్న చెంచులను మాత్రం అడవిలోనే ఉంచింది.

ఇక మఠాల సంగతి. మఠం అంటే కాషాయం కట్టిన సన్యాసుల నివాసమని మాత్రమే అనుకోకూడదు. భూమి, ధాన్యం, పన్ను మినహాయింపు, అన్నదానం, చదువు, కొన్నిచోట్ల ఆయుధం కూడా - ఇవన్నీ కలిసిన వ్యవస్థ అది. కాకతి రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపుర శాసనం దీనికి మంచి సాక్ష్యం. గోళకీమఠ గురువు విశ్వేశ్వర శివాచార్యుడు తనకు లభించిన గ్రామాల ఆదాయంలో ఒక భాగం ఆలయానికీ, ఒక భాగం విద్యార్థులకూ మఠానికీ, ఇంకొక భాగం ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ సత్రానికీ కేటాయించాడు. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరికీ అన్నం లేదనకూడదని ఏర్పాటు చేశాడు. ఈ మఠం శాఖలు శ్రీశైలంలోనూ, కడపసీమ పుష్పగిరిలోనూ వెలిశాయి. మన గతంలో ఇటువంటిది ఉందని చెప్పుకోవడానికి అభ్యుదయవాదులు సిగ్గుపడనక్కరలేదు. అయితే ఆ ధాన్యం పండించిన పాలేరు పేరు శాసనంలో లేదన్న మాట కూడా మరువకూడదు.

ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. గ్రీసు దేశపు పత్మోస్ ద్వీపంలో సెయింట్ జాన్ మఠం 1088లో మొదలైంది. బైజాంటియం చక్రవర్తి మొదటి అలెక్సియోస్, క్రిస్టొదూలోస్ అనే సన్యాసికి బంగారు ముద్రతో శాసనం రాసి మొత్తం ద్వీపాన్ని పన్నులు లేకుండా ఇచ్చేశాడు. ఎండిన రాతి ద్వీపం, కోటగోడల వంటి మఠం, వ్రాతప్రతుల భాండాగారం, సొంత ఓడలు. చక్రవర్తులు పోయి తురుష్క సుల్తానులు వచ్చినా మఠం వారికి కప్పం కట్టి నిలిచింది. అక్కడ సముద్రం చేసిన పనిని ఇక్కడ అడవి చేసింది. రాజుకు కావలసింది రెండుచోట్లా ఒకటే: తన సేన సులభంగా పోలేని చోట తన పేరు చెప్పే నమ్మకమైన వ్యవస్థ. కొండవీటి రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించడంలో పుణ్యమూ ఉంది, మార్గమూ ఉంది. 1377లో అనవేమారెడ్డి శ్రీశైలంలో కట్టించిన వీరశిరోమండపం మరొక సంగతి చెబుతుంది: అక్కడ వీరభక్తులు తమ తలలు తామే నరుక్కొని అర్పించేవారు. రాజులు నిర్మించిన మండపంలో ఏ ఇండ్ల బిడ్డల తలలు తెగిపడ్డాయో విచారించవలసిన బాధ్యత చరిత్రకారుడిది.

దాచిన సంపద ఉన్నచోటికి దండు రాక తప్పదు. 1579 ప్రాంతంలో గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా సేనలు అహోబిలాన్ని పట్టుకొన్నాయి. వారికి తోడుగా వచ్చినవారు హండే నాయకులు, హిందువులే. 1584 నాటికి కొండ్రాజులు దాన్ని తిరిగి గెలుచుకొన్నారు. దీన్ని రెండు మతాల యుద్ధంగా చిత్రించేవారు హండే నాయకులను ఏ పక్షాన నిలబెడతారో చెప్పాలి. 1830లో ఈ దారినే కాశీకి పోయిన ఏనుగుల వీరాస్వామయ్య, కందనూరు నవాబు యాత్రికుల వద్ద పన్ను గుంజే తీరును తన యాత్రాచరిత్రలో నమోదుచేశాడు. నవాబుకు దేవుడు వేరైనా రాబడి ఒకటే. 1839లో కంపెనీ ఆ నవాబును తొలగించింది. తరువాత శ్రీశైలం పెత్తనం పుష్పగిరి పీఠానికి వచ్చింది. 1929లో ఒక కమిటీకీ, 1949లో ప్రభుత్వానికీ మారింది. ఇక గుడి తలుపులు హరిజనులకు చట్టరీత్యా తెరుచుకోవడానికి 1947 మద్రాసు ఆలయప్రవేశ చట్టం రావలసివచ్చింది. సత్రంలో చండాలునికి అన్నం పెట్టమన్న శాసనానికీ ఈ చట్టానికీ మధ్య దాదాపు ఏడువందల ఏండ్లు గడిచాయి.

ఈ సీమలోనే మఠానికి ఎదురు మఠం కూడా పుట్టింది. బనగానపల్లెలో పశువులు కాచాడని చెప్పే పోతులూరి వీరబ్రహ్మం, కందిమల్లాయపల్లెలో దూదేకుల సిద్దయ్యనూ, మాదిగ కక్కయ్యనూ శిష్యులుగా చేర్చుకొన్నాడు. తరువాత అదీ వంశపారంపర్య పీఠంగానే మారింది. తిరుగుబాటుకు కూడా మాన్యం దొరికితే ఏమవుతుందో ఈ ఉదాహరణ చెబుతుంది.

శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. అది చేయవలసిన పనే. ఎంతో శ్రద్ధతో చేశారు. అదే జలాశయం కోసం 1981లో సుమారు వంద గ్రామాలను ఖాళీ చేయించారు. ఆ ఊళ్లను, ఆ ఇండ్లను, ఆ బతుకులను అంత శ్రద్ధగా ఎత్తి మరోచోట నిలబెట్టినవారు లేరు. రాతికి దక్కిన గౌరవం ఆ రాతిని చెక్కినవారి వారసులకు దక్కలేదు.

కాబట్టి గుడిని వదిలిపెట్టడం పరిష్కారం కాదు. వదిలిపెడితే దాన్ని స్థలపురాణం పూర్తిగా ఆక్రమిస్తుంది. మన పాఠశాలల్లో ఉపాధ్యాయులు, విద్యార్థులు తమ ఊరి శాసనాన్ని, మెకంజీ సేకరింపజేసిన కైఫీయతును చేతబట్టి, మాన్యం ఎవరిది, కాలువ ఎవరు తవ్వారు, నీటి వంతు ఎవరికి మొదట వచ్చేది, చివరి మడి ఎవరిది అని ఊళ్లో పెద్దలను అడగాలి. మహానంది కోనేటి నీరు ఇప్పటికీ పారుతూనే వుంది. అది ఎవరి పొలంలోకి పోతున్నదో చూసివచ్చిన విద్యార్థి, శిఖరం ఏ శతాబ్దానిదో మాత్రమే తెలిసిన పండితుడికంటే ఒక మెట్టు ముందున్నట్టే.