చచ్చిందనుకున్న చేప కోసం

2000 అక్టోబర్ 28. దక్షిణాఫ్రికా ఈశాన్య కొసన, మొజాంబిక్ సరిహద్దుకు కాస్త దిగువన, సొద్వానా బే.

అక్కడ పడవలకు రేవు లేదు. రబ్బరు పడవను ఇసుక మీంచి నీళ్లలోకి నెట్టి, అందరూ ఎక్కి గట్టిగా పట్టుకున్నాక, అలకూ అలకూ మధ్య సందు చూసి ఇంజనుకు పని చెప్పాలి. ఆ నురగ దాటితే హిందూ మహాసముద్రమే. పగడపు దిబ్బలకు పేర్లు కూడా పడవ పోయే దూరాన్ని బట్టే పెట్టారు: టూ మైల్, ఫైవ్ మైల్, సెవెన్ మైల్, నైన్ మైల్. వారమంతా ఊళ్లలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు సెలవు దొరగ్గానే వచ్చి, పదీ ఇరవై మీటర్లు దిగి, రంగురంగుల చేపలనూ తాబేళ్లనూ ఫొటోలు తీసుకుపోయే చోటు అది.

ఆ రోజు ముగ్గురు మాత్రం దిబ్బల దగ్గర ఆగలేదు. పీటర్ వెంటర్, పీటర్ టిమ్, ఎటియెన్ లె రూ. (పీటర్లు ఇద్దరు గనుక ఇకమీదట ఇంటిపేర్లతోనే చెప్పుకుందాం.) టిమ్ సొద్వానాలోనే ఉండి డైవింగ్ నేర్పే మనిషి. ఆ తీరం దగ్గర సముద్రం అడుగు ఎంతో దూరం పోకుండానే లోయలుగా తెగిపడుతుంది. వాటిలో ఒకదాని పేరు జెస్సర్ కాన్యన్. ముగ్గురూ అందులోకి 104 మీటర్లు దిగారు.

అంత లోతున ఒంటి మీద పడే ఒత్తిడి ఒడ్డున ఉండేదానికి పదకొండు రెట్లు పైనే. మామూలు గాలి అక్కడ పనికిరాదు. అందులోని నైట్రోజన్ మత్తెక్కిస్తుంది, ఆక్సిజనే విషమవుతుంది. అందుకే హీలియం కలిపిన గాలి పీలుస్తారు. దిగడానికి నిమిషాలు చాలు, అడుగున ఉండనిచ్చేదీ నిమిషాలే. తిరుగుదారి మాత్రం గంటల పని. ఒంట్లో కరిగిన వాయువు ఊపిరితో పాటు మెల్లగా బయటికి పోవాలి గనుక ఒక్కో లోతులో ఆగి, ఆగి, పైకి రావాలి. తొందరపడితే గోలీసోడా గోలీ నొక్కినప్పుడు ఏమవుతుందో మనిషి నెత్తుట్లో అదే అవుతుంది.

వెంటర్ ఒక రాతి చూరు కిందికి లైటు తిప్పాడు. చీకట్లో ఒక కన్ను మెరిసింది.

దగ్గరికి జరిగాడు. కన్ను వెనక పెద్ద ఒళ్లు. తెల్లని మచ్చలు. రెక్కలు మామూలు చేపకున్నట్టు ఒంటికి అతుక్కుని లేవు, కండగల తొడిమల చివర మొలిచి ఉన్నాయి. ప్రాణిశాస్త్రం పుస్తకం తిరగేసిన ఎవరికైనా గుర్తుండే బొమ్మ. సీలకాంత్!

ముగ్గురి దగ్గరా కెమెరా లేదు. గడియారం చూస్తే అడుగున ఉండే గడువు అయిపోతోంది. పైకి రాక తప్పదు. గంటల తరబడి నీళ్లలో వేలాడుతూ, నోట్లో గాలిగొట్టంతో, మాట్లాడటానికి వీల్లేక, ఇంతటి సంగతిని కడుపులో పెట్టుకుని పైకి వచ్చిన మనుషుల అవస్థ తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఒడ్డెక్కాక మాత్రం ఏం చూపిస్తారు? ఆ తీరాన ఎవరూ అంతకుముందు చూడని చేపను, చేతిలో ఆధారం లేకుండా, చూశామంటే చూశామని చెప్పుకోవడమే.

ఈ చేపతో మనకేం పని అనుకునేవాళ్లు ఒకసారి చెన్నూరు దాటి వేమనపల్లి దాకా రండి.

సముద్రం చూడాలంటే కరీంనగర్ మనిషి విశాఖకో బాపట్లకో రైలెక్కాలి. ఆదిలాబాద్ మనిషికి అది ఇంకా దూరం. కానీ పాత ఆదిలాబాద్ జిల్లాకు తూర్పు హద్దుగా పారి, పాత కరీంనగర్ జిల్లా కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసే ప్రాణహితకు అటూ ఇటూ ఉన్న నేల సంగతి వేరు. నది అవతలి గట్టున, మహారాష్ట్ర వైపు సిరోంచకు దగ్గర్లో, కోట అనే ఊరుంది. ఆ ఊరి పేరుతోనే అక్కడి రాతిపొరలను భూగర్భ శాస్త్రవేత్తలు కోట ఫార్మేషన్ అంటారు. జురాసిక్ యుగం నాటివి. ఒకప్పటి నీళ్ల అడుగున పేరుకున్న బురదా సున్నమూ గట్టిపడి రాళ్లయ్యాయి, ఆ నీళ్లలోని చేపలు రాళ్లలో అచ్చులయ్యాయి. 19వ శతాబ్దం మధ్యలోనే ఆ రాతి చేపలు లండన్ శాస్త్రవేత్తల బల్లల మీదికి చేరాయి. నూరేళ్లు గడిచాక కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వచ్చి తవ్వితే రాక్షసబల్లి బారాపాసారస్ బయటపడింది. వేమనపల్లి దగ్గర జియోలాజికల్ సర్వే తవ్వించిన ఇంకో రాక్షసబల్లికి 1988లో పి. యాదగిరి కోటాసారస్ యమన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది, బడిపిల్లలు దాని ముందు ఫొటోలు దిగుతుంటారు.

అంత పెద్ద బల్లుల మధ్య ఒక చేపను పట్టించుకునేదెవరు? ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఎస్.ఎల్. జైన్ పట్టించుకున్నారు. కోట రాళ్లలో దొరికిన ఒక చేప శిలాజాన్ని పరిశీలించి, 1974లో దానికి ఇండోసీలకాంతస్ రోబస్టస్ అని పేరు పెట్టారు. మన దేశంలో దొరికిన తొలి సీలకాంత్ శిలాజంగా దాన్ని ప్రకటించారు. సొద్వానాలో మెరిసిన కంటికి వంశవృక్షంలో ఒక కొమ్మ ప్రాణహిత ఒడ్డున ఉందన్నమాట. రాతికి దాదాపు 18 కోట్ల ఏళ్లు. రాయి ఎముకల పొందిక చెబుతుంది, పొలుసు ఎలా పేరుకుందో చెబుతుంది. ఒంటి రంగేమిటో, ఆ తొడిమ రెక్కలను అది ఎలా ఆడించేదో చెప్పదు. జైన్ ఎంత కళ్లు చిట్లించుకుని చూసినా ఆ రాతిలో కదలిక దొరకదు.

సీలకాంత్ జాతి మొత్తం రాక్షసబల్లులతో పాటే ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట అంతరించిందని 1938 దాకా లోకం నమ్మింది. ఆ ఏడాది డిసెంబర్ 22న, దక్షిణాఫ్రికాలోనే ఈస్ట్ లండన్ అనే ఓడరేవులో, మ్యూజియం చూసుకునే మార్జరీ కోర్ట్నీ-లాటిమర్ చేపల ఓడ దగ్గరికి వెళ్లింది. ఏదైనా వింత చేప పడితే కెప్టెన్ హెన్‌డ్రిక్ గూసెన్ ఆమెకు కబురు పెట్టేవాడు. ఆ రోజు కుప్పలోంచి ఒక నీలం రెక్క పొడుచుకొచ్చి కనిపించింది. అయిదడుగుల చేప, 57 కిలోల పైచిలుకు బరువు. టాక్సీవాడు కంపు భరించలేనని మొరాయించాడు. బతిమాలి తెచ్చింది. డిసెంబరంటే అక్కడ ఎండాకాలం, చేప కుళ్లిపోయేలా ఉంది. శవాగారంలో పెట్టనివ్వలేదు. కోల్డ్ స్టోరేజీ వాళ్లూ వద్దు పొమ్మన్నారు. చివరికి తోలు వలిపించి స్టఫ్ చేయించింది, లోపలి భాగాలు పారేయాల్సి వచ్చింది. చేతనైనట్టు ఒక బొమ్మ గీసి, చేపల మీద పిచ్చి ఉన్న కెమిస్ట్రీ లెక్చరర్ జె.ఎల్.బి. స్మిత్‌కు ఉత్తరం రాసింది. ఆ గీతల బొమ్మ చూసి స్మిత్‌కు నోట మాట రాలేదు. అస్థిపంజరాన్నీ మొప్పలనూ జాగ్రత్త చేయమని ఆయన ఇచ్చిన టెలిగ్రాం చేరేసరికే ఆలస్యమైపోయింది. చేపకు మాత్రం ఆమె పేరు నిలిచింది: లాటిమేరియా చాలుమ్నే.

రెండో చేప దొరకడానికి పద్నాలుగేళ్లు పట్టింది. 1952లో కొమొరోస్ దీవుల నుంచి కబురు వస్తే, స్మిత్ కోసం దక్షిణాఫ్రికా ప్రధానమంత్రి మలాన్ ఏకంగా సైనిక విమానం ఇచ్చి పంపాడు. పెట్టె తెరిచి చూసి స్మిత్ ఏడ్చాడు. తర్వాత రాసిన పుస్తకానికి ‘ఓల్డ్ ఫోర్‌లెగ్స్’ అని పేరు పెట్టాడు, ఆ రెక్కల మీద అది సముద్రం అడుగున నడుస్తుందనే ఊహతో. 1987లో జర్మన్ శాస్త్రవేత్త హాన్స్ ఫ్రికే బృందం చిన్న జలాంతర వాహనంలో కొమొరోస్ లోతులకు దిగి, బతికున్న సీలకాంత్‌ను దాని ఇంట్లోనే సినిమా తీసింది. అందులో చేప నడవలేదు. నీళ్లలో తేలుతూ, ముందు వెనక రెక్కలను ఎదురెదురుగా జతచేసి ఆడించింది, నాలుగుకాళ్ల జంతువు అడుగులు వేసే వరసలోనే. అంతలో తలకిందులుగా నిలబడింది. కోట రాళ్లు గానీ, మ్యూజియంలోని తోలు గానీ చెప్పని సంగతులివి. కెమెరా చెప్పింది.

వెంటర్‌కు కెమెరా కావాలి. మళ్లీ దిగాలి.

నెల తిరక్కుండా మనుషులు పోగయ్యారు. తమ బృందానికి ‘ఎస్.ఏ. సీలకాంత్ ఎక్స్‌పెడిషన్ 2000’ అని పేరు పెట్టుకున్నారు. పేరు ఘనంగానే ఉంది గానీ అదేమీ ప్రభుత్వ యాత్ర కాదు. ఫ్రికేకు ఉన్నట్టు చుట్టూ ఉక్కు గోడ లేదు, కిటికీ అద్దం లేదు. రబ్బరు పడవలు, వీపున సిలిండర్లు, కెమెరాలు, లైట్లు. నవంబర్ 26న దిగితే చేప కనిపించలేదు.

మర్నాడు, 27న, నలుగురు దిగారు. వెంటర్, గిల్బర్ట్ గన్, క్రిస్టో సెర్‌ఫొంటెయిన్, డెన్నిస్ హార్డింగ్. హార్డింగ్ వయసు 34.

దిగుతుంటే మొదట ఎరుపు పోతుంది, తర్వాత పసుపు. వంద మీటర్లు దాటేసరికి మిగిలేది మసక నీలం, ఆ నీలంలో నీలం చేప. కెమెరా లైటు పడ్డ మేరకే లోకం. రాతి చూరుల కింద ఈసారి ఒకటి కాదు, మూడు! పెద్దది మీటరున్నర పైనే. తక్కిన రెండూ మీటరు, మీటరుంపావు. తల కిందికి వంచి, చూరు అంచుల వెంట ఏదో మేస్తున్నట్టు తిరుగుతున్నాయి. కెమెరాలు పనిచేశాయి. వీడియో పడింది, ఫొటోలూ పడ్డాయి.

అంతలో సెర్‌ఫొంటెయిన్ స్పృహ తప్పాడు.

నీటి అడుగున స్పృహ తప్పిన మనిషికి ఉన్న గడువు గాలిగొట్టం నోట్లో ఉన్నంతసేపే. హార్డింగ్ అతణ్ని పట్టుకున్నాడు. ఇద్దరూ పైకి లేచారు, ఇక ఆ లేవడం చేతిలో లేదు. లోతున ఒక లీటరున్న గాలి పైకి వచ్చేసరికి పది లీటర్లు దాటుతుంది. దుస్తుల్లోని గాలీ, తేలే సంచుల్లోని గాలీ ఉబ్బేకొద్దీ వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. గంటలు ఆగి ఆగి రావాల్సిన దారిని ఇద్దరూ ఆగకుండా వచ్చేశారు. ఇలాంటప్పుడు అడుగున ఉన్నవాళ్లు వెంటపడి రాకూడదు. వస్తే వాళ్లదీ అదే గతి. స్నేహితులకు ఏమైందో తెలియకుండా, చేతిలో లోకం ఎదురుచూసే ఫొటోలతో, తమ వంతు ఆగుళ్లన్నీ ఆగుతూనే రావాలి.

పడవ మీద హార్డింగ్ మెడ నొప్పి అన్నాడు. మెదడు నాళాల్లో బుడగ అడ్డుపడి ఆ పడవ మీదే చనిపోయాడు. సెర్‌ఫొంటెయిన్‌ను మళ్లీ నీళ్లలోకి దించారు. వినడానికి విడ్డూరంగా ఉన్నా, ఒత్తిడి కిందికి తిరిగి తీసుకుపోతేనే బుడగలు కుంచించుకుపోయేది. అతను బతికాడు.

హార్డింగ్‌ను శాస్త్రం కోసం ప్రాణమిచ్చినవాడిగా రాయొచ్చు. నాకు అలా తోచదు. అతను వెళ్లింది ఒక చేపను కళ్లారా చూడటానికి, చూశాడు. పోయింది మాత్రం స్నేహితుణ్ని వదలనందుకు. ఈ రెంటినీ కలిపి ఒక త్యాగం కథ అల్లితే రెండూ చిన్నబోతాయి. ఆ ఫొటోల ఖరీదు ఎంతని లెక్కగట్టే పని అతని ఇంటివాళ్లది, మనది కాదు.

ఫొటోలు మాత్రం తమ పని తాము చేశాయి. 2002లో ఫ్రికే తన ‘యాగో’ వాహనంతో సొద్వానా వచ్చి పదిహేను సీలకాంత్‌లను చూశాడు. అదే ఏడాది దక్షిణాఫ్రికా ప్రభుత్వం సీలకాంత్ పేరుతోనే ఒక పెద్ద పరిశోధన కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ చేప ఒంటి మీది తెల్లమచ్చలు ఏ రెంటికీ ఒకేలా ఉండవు. అందువల్ల ఫొటో తీస్తే చాలు, ఇది ఫలానా చేప అని గుర్తుపట్టవచ్చు, ఒక్కో చేప చేరుతున్న కొద్దీ జాబితా పెంచుకోవచ్చు. వల వేయనక్కర్లేదు, చంపనక్కర్లేదు. ఎంత నెమ్మదైన బతుకో 2021లో ఫ్రెంచ్ పరిశోధకులు పొలుసుల మీది వలయాలు లెక్కపెట్టి చెప్పారు: నూరేళ్ల దాకా ఆయుష్షు, పిల్లను కడుపులో మోసేది అయిదేళ్లు. అలాంటి జాతిలో ఒక చేప పొరపాటున వలలో పడితే ఆ లోటు పూడటానికి ఎన్నేళ్లు పడుతుందో ఊహించుకోవచ్చు. పోనీ తినడానికైనా పనికొస్తుందా అంటే, ఒళ్లంతా నూనె.

2013లో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ లొరాఁ బలెస్టా అదే జెస్సర్ కాన్యన్‌లోకి 120 మీటర్లు దిగి, వెలుగూ నీడా కుదిరిన బొమ్మలు తీసుకొచ్చాడు. సొద్వానాలో అతనికి దారి చూపినవాడు టిమ్. మరుసటి ఏడాది టిమ్ కూడా సముద్రంలోనే, డైవింగ్‌లోనే పోయాడు.

2019 నవంబర్ 22న, సొద్వానాకు మూడొందల కిలోమీటర్లకు పైగా దక్షిణాన, పుములా అనే ఊరి ముందు సముద్రంలో కొందరు డైవర్లు 72 మీటర్ల లోతున ఒక సీలకాంత్‌ను చూశారు. వాళ్ల చేతుల్లో కెమెరా ఉంది.