ఐర్లాండ్‌లో ఐరిష్ మాట్లాడేది ఎంతమంది?

ఐర్లాండ్ రాజ్యాంగం (1937) ప్రకారం ఆ దేశానికి మొదటి అధికార భాష ఐరిష్. ఇంగ్లిష్‌ది రెండో స్థానం. రోడ్డు బోర్డుల మీద, పాస్‌పోర్టుల మీద ఐరిష్ ఉంటుంది. కానీ డబ్లిన్‌లో రోజంతా తిరిగినా చెవిన పడేది దాదాపుగా ఇంగ్లిషే. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్లు 18,73,997 మంది, అంటే సుమారు 40 శాతం. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు మాత్రం 71,968 మందే!

ఇలా ఎందుకైంది? కోర్టు, కొలువు, వ్యాపారం అన్నీ ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోయాయి. 1831లో మొదలైన సర్కారు బడుల్లోనూ చదువు ఇంగ్లిష్‌లోనే. 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు సోకి కరువొచ్చింది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు, మరో 10 లక్షల మంది దేశం విడిచారు. ఎక్కువ దెబ్బ తిన్నది ఐరిష్ మాట్లాడే పడమటి ప్రాంతాల పేదలే. అమెరికా ఓడ ఎక్కాల్సిన పిల్లలకు ఇంగ్లిష్ రావాలని తల్లిదండ్రులే పట్టుబట్టారు. చాలా ఊళ్లలో పిల్లల మెడలో ఒక కర్ర వేలాడదీసేవాళ్లు. ఐరిష్ మాట్లాడిన ప్రతిసారీ దాని మీద ఒక గాటు, గాట్ల లెక్కన శిక్ష. ఇందులో ఇంటివాళ్లకూ పాత్ర ఉండేది.

భాషను తిరిగి నిలబెట్టడానికి 1893లో గేలిక్ లీగ్ పుట్టింది. దాని మొదటి అధ్యక్షుడు డగ్లస్ హైడ్. క్యాథలిక్కులు ఎక్కువగా ఉన్న దేశంలో ఆయన ప్రొటెస్టెంట్ పాస్టర్ కొడుకు. భాష ఏ ఒక్క మతం సొత్తూ కాదని ఆయన పని చెబుతుంది. 1938లో ఆయనే దేశానికి తొలి రాష్ట్రపతి అయ్యారు.

స్వతంత్ర ప్రభుత్వం వచ్చాక బడిలో ఐరిష్‌ను తప్పనిసరి చేశారు. అక్కడే చిక్కు వచ్చింది. పరీక్ష కోసం చదివిన భాష, పరీక్ష అయిపోగానే మూలన పడింది.

దీనికి ఎదురు ఉదాహరణ బెల్‌ఫాస్ట్‌లోని షాస్ రోడ్. బెల్‌ఫాస్ట్ ఉన్న ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్ పాలనలోనిది, అక్కడ అప్పట్లో ఐరిష్‌కు ఆ హోదా కూడా లేదు. 1960లలో కొన్ని జంటలు చందాలు పోగు చేసి, పక్కపక్కనే ఇళ్లు కట్టుకుని, పిల్లలతో ఐరిష్‌లోనే మాట్లాడాలని నిర్ణయించుకున్నాయి. వీళ్లలో చాలామందికి ఐరిష్ పెద్దయ్యాక నేర్చుకున్న భాషే. 1969లో ఆ ఇళ్లలోకి చేరారు. 1971లో తొమ్మిది మంది పిల్లలతో సొంత బడి తెరిచారు. ప్రభుత్వ గుర్తింపు లేదు, నిధులు లేవు, జీతాలన్నీ చందాలతోనే. గుర్తింపు వచ్చింది 1984లో! ఈలోగా ఆ పిల్లలకు ఐరిష్ సబ్జెక్టు కాదు, అమ్మ కోప్పడే భాష, వీధిలో ఆడుకునే భాష అయింది. తర్వాత ఉత్తర ఐర్లాండ్‌లో వచ్చిన ఐరిష్ మీడియం బడులకు ఇదే దారి చూపింది.

ఇప్పుడు ఐరిష్‌లో రేడియో (1972), టీవీ ఛానల్ (1996) ఉన్నాయి. వేసవిలో వేలమంది విద్యార్థులు ఐరిష్ మాట్లాడే ఊళ్లకు వెళ్లి అక్కడి కుటుంబాల్లో ఉంటారు. పొద్దున క్లాసు, సాయంత్రం సంప్రదాయ సంగీతం, నాట్యం, భోజనం దగ్గర కూడా ఐరిషే. 'నాతో ఐరిష్‌లో మాట్లాడొచ్చు' అనడానికి గుర్తుగా కొందరు కోటుకు ఉంగరం ఆకారంలో చిన్న పిన్ను పెట్టుకుంటారు. ఇక పలకరింపుకు అర్థం 'దేవుడు నీకు తోడు'. దానికి జవాబులో దేవుడితోపాటు మేరీ (మర్యం) పేరూ కలుపుతారు. సలాంకు ఇంకాస్త ఎక్కువగా జవాబివ్వడం తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు.

ఐరిష్ పుట్టినిల్లుగా మిగిలిన పడమటి ప్రాంతాలను గేల్‌టాఖ్ట్ అంటారు. లక్షకు పైగా ఉన్న అక్కడి జనాభాలో బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్లు 20 వేలకు కాస్త పైన. సముద్రం ఒడ్డున ఉన్న ఈ ఊళ్లలో ఇళ్లను బయటివాళ్లు సెలవు విడిది కోసం కొనేస్తున్నారు. ధరలు పెరిగి, అక్కడే పుట్టి పెరిగిన యువ జంటలకు ఇల్లు దొరకడం కష్టమైంది. అందుకే అక్కడి భాషా సంఘాలు ఇప్పుడు పాఠ్యపుస్తకాల కంటే ముందు ఇళ్ల గురించి అడుగుతున్నాయి.