పోయినోళ్ల కథ ఎవరు చెప్పాలె

ఈసారి ఎపిసోడ్‌లో మాట్లాడిన ముచ్చటనే ఇక్కడ రాతలో పెడుతున్న. డ్యూటీ బస్సులో చప్పుడుకు వినపడనోళ్లు, ఎడారిలో సిగ్నల్ అందని సైట్ల ఉన్నోళ్లు తీరిక దొరికినప్పుడు చదువుకోవచ్చు. మాట్లాడేటప్పుడు తొందరలో వదిలేసిన సంగతులు కూడా కొన్ని కలిపిన.

2024 జూన్ నుంచి 2025 నవంబర్ దాక, ఏడాదిన్నర లోపల, మన తెలంగాణలో ఐదుగురు పోయిన్రు. సకిని రామచంద్రయ్య, గుస్సాడీ కనకరాజు, పస్తం మొగిలయ్య, వనజీవి రామయ్య, అందెశ్రీ. ఐదుగురి వార్తా మన ఫోన్లకు ఒక్క తీరుగనే వచ్చింది. దండ వేసిన ఫొటో, కింద రెండు లైన్లు, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు. మరునాడు ఇంకో వార్త వచ్చి దాన్ని కిందికి నూకేసింది. వీళ్లు ఏం చేసిన్రు, ఆ పని వీళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది, వీళ్ల తర్వాత అది ఎవరి చేతిల ఉన్నది అన్న మూడు సంగతులు చెప్పుకుందాం.

మొగిలయ్యతోని మొదలుపెడత. ఎందుకంటే మనోళ్లలో ఆయన పాట విననోళ్లు లేరు. 2023 మార్చిలో ‘బలగం’ సినిమా వచ్చినప్పుడు క్యాంపుల్లో రూముకు పది మంది కూసొని చూసినం. సిరిసిల్ల దిక్కు పల్లె, చనిపోయిన కొమురయ్య, పిట్టకు పెట్టిన ముద్ద ముట్టని కాకి. చివరికి ఆలుమగలు ఇద్దరు వచ్చి పాట ఎత్తుకుంటరు, ఇల్లంత ఏడుస్తది. ఆ ఇద్దరు యాక్టర్లు కాదు. మొగిలయ్య, ఆయన భార్య కొమురమ్మ. వరంగల్ జిల్లా దుగ్గొండి మనుషులు, బుడగ జంగాలు. ఊరూరు తిరిగి బుర్రకథ చెప్పి బతికినోళ్లు. కిడ్నీలు చెడిపోయి, డయాలసిస్ మీద ఉండి, 2024 డిసెంబర్ 19న ఆయన పోయిండు.

సినిమాలో చూసింది కల్పించిన ముచ్చట కాదు. పెద్దకర్మ నాడు బుడగ జంగాలను పిలిచి పాడిచ్చుకునుడు మన పల్లెల్లో పాత రివాజు. వాళ్లు ముందుగాల ఇంటోళ్లను అడుగుతరు. పేరేంది, ఎంతమంది పిల్లలు, ఎవుసం ఎంత, ఎవరంటే ఎక్కువ పాణం. గంట సేపట్ల ఆ మనిషి బతుకును పాటలకు ఎక్కిస్తరు. ఏ పేపర్లనూ పేరు రాని మనిషికి, బడి మొఖం చూడని ముసలమ్మకు కూడా ఒక్కనాడు ఆమె మీదనే కట్టిన పాట ఉంటది.

ఇది ఒక్క బుడగ జంగాల పని కాదు. మన దిక్కు చాన కులాలకు వాళ్ల కథ చెప్పే కులం ఇంకొకటి ఉండె. గొల్లలకు మందెచ్చులోళ్లు, పద్మశాలీలకు కూనపులోళ్లు, ముదిరాజులకు కాకిపడగలోళ్లు, మాదిగలకు డక్కలోళ్లు. అటు అడవిలకు పోతే గోండులకు పర్ధాన్లు, కోయలకు డోలీలు. చేర్యాలలో నకాశీలు గీసే పొడుగు బట్ట పటాలు కూనపులి, కాకిపడగల కథల కోసమే పుట్టినయ్. కథ చెప్పినోళ్లకు వడ్లు, బట్టలు, గొర్రెనో మేకనో ఇచ్చి పంపేటోళ్లు. రాత రాని జనం తమ చరిత్రను దాసుకోవడానికి చేసుకున్న ఏర్పాటు ఇది. కాగితం బదులు ఒక మనిషిని పెట్టుకున్నరన్నట్టు.

సకిని రామచంద్రయ్య గట్లాంటి మనిషే. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం ఆయన ఊరు. కోయ డోలి కళాకారుడు. కంచుమేళం, కంచుతాళం వాయించుకుంట కోయల ఇలవేల్పుల కథలు, గోత్రాల పుట్టుక పాడేటోడు. డోలీల దగ్గర పడిగె అని ఒక బట్ట ఉంటది, దాని మీద ఆ గోత్రపు దేవుండ్ల, వీరుల బొమ్మలు ఉంటయ్. పడిగె ముందల నిలబడి డోలు కొట్టుకుంట పాడుతుంటే వింటున్నోళ్లకు అది పాట ఒక్కటే కాదు, వాళ్ల వంశం పట్టిక కూడా. మేడారం జాతర రెండేండ్లకు ఒకసారి అయితది, మనలో సగం మంది మొక్కు చెల్లించినోళ్లమే. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, జంపన్న కాకతీయులతోని కొట్లాడిన ముచ్చట మనం సినిమాల్లో, క్యాసెట్లల్ల విన్నం. కోయలు చెప్పుకునే కథ వాళ్లదే, రామచంద్రయ్య పాడింది అది. బడికి పోలేదు, మొత్తం నోటికే. 2022లో పద్మశ్రీ ఇచ్చిన్రు. 2024 ఫిబ్రవరిలో జాతర అయింది, జూన్ 23న ఆయన పోయిండు. ఆయన వాయించినట్టు వాయించేటోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది కూడా లేరని ఆయన బతికున్నప్పుడే అందరు అన్నరు.

కనకరాజు కథలో ఇంకో మలుపు ఉన్నది. ఆయన ఊరు మార్లవాయి, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం. ఈ ఊరి పేరు లండన్ లైబ్రరీల్లో కూడా దొరుకుతది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నిజాం పోలీసుల తుపాకులకు బలైన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుణ్ని పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె ఏసుకొని ఉన్నరు. గోండుల భాష నేర్చిన్రు. గోండు పిల్లలకు గోండు పంతుళ్లే చెప్పాలని ఆ ఊర్లె బడి పెట్టిచ్చిన్రు, భూములకు పట్టాలు ఇప్పియ్యడానికి కష్టపడ్డరు. ఆయన ఆదిలాబాద్ గోండుల మీద రాసిన పుస్తకం 1948లో అచ్చయింది. బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో పోతే ఆమె సమాధి మార్లవాయిలనే కట్టిన్రు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయిండు. తర్వాత ఆయన గుర్తు కూడా ఆమె పక్కకే చేరింది. ఇప్పటికీ జనవరి 11 వస్తే ఊరంత ఆ సమాధుల దగ్గర కలుస్తది. వేరే దేశం నుంచి వచ్చి తమ నడుమ బతికినోళ్లను ఒక పల్లె ఇన్నేండ్లు మరువలేదంటే, పరాయి దేశంల బతుకుతున్న మనం ఆ ముచ్చట రెండుసార్లు వినాలె.

కనకరాజు అదే ఊర్లె పుట్టి గుస్సాడీ ఆడిండు. గుస్సాడీ అంటే ఉత్త డ్యాన్స్ కాదు, దీక్ష. ఆశ్వయుజ పున్నమి దాటినంక దండారీ మొదలైతది. నెత్తి మీద నెమలి ఈకల పెద్ద టోపీ, ఒంటికి బూడిద, మెడల పూసల దండలు, భుజానికి తోలు, నడుముకు గజ్జెలు, చేతిల కర్ర. ఆ ఏషం కట్టినోళ్లు దీక్ష అయ్యేదాక స్నానం చెయ్యరు. ఒక ఊరోళ్లు ఇంకో ఊరికి సుట్టాలుగ పోతరు, డోలు, పెప్రె మోగుతుంటే రాత్రంత ఆడుతరు, దీపావళి అయినంక కొలబొడితోని ముగిస్తరు. కనకరాజు 1980లలో ఢిల్లీ గణతంత్ర దినం పండుగకు ఈ ఆటను తీస్కపోయిండు. 2021లో పద్మశ్రీ వచ్చింది. వచ్చినంక కూడా ఊర్లె పోరగాండ్లకు అడుగులు నేర్పుడు ఆపలేదు. 2024 అక్టోబర్ 25న పోయిండు. ఆ యేడు దీపావళి అక్టోబర్ 31న. అంటే గూడేలల్ల దండారీ నడుస్తుండంగనే ఆయన పోయిండు. ఆయన దగ్గర నేర్చుకున్నోళ్లు ఇప్పుడు ఆడుతున్నరు. ఐదుగురిలో పని చేతికి అందిన కథ ఇది.

వనజీవి రామయ్య ముచ్చట తక్కువ మాటల్ల చెప్పొచ్చు, ఎందుకంటే ఆయన చేసింది కండ్లకు కనపడతది. ఖమ్మం పక్కన రెడ్డిపల్లి. సైకిల్ మీద మొక్కలు, జేబుల విత్తనాలు, మెడలో చెట్లను కాపాడుమని చెప్పే గుండ్రటి బోర్డు. ఎండాకాలం విత్తనాలు ఏరుడు, వాన పడితే రోడ్ల పక్కన, కాల్వ గట్ల మీద నాటుడు. భార్య జానమ్మ ఎమ్మటి నడిచింది. కోటికి పైన మొక్కలు పెట్టిండని చెప్పుకుంటరు. 2017లో పద్మశ్రీ. 2025 ఏప్రిల్ 12న పోయిండు. ఆయన పెట్టిన చెట్లకు పేరు బోర్డు లేదు, నీడ ఉన్నది.

ఇగ అందెశ్రీ. 2025 నవంబర్ 10న పోయిండు. మన రాష్ట్ర గీతం ఆయన రాసిందే, 2024 జూన్ 2న దాన్ని అధికారికంగా పెట్టిన్రు. రేబర్తిలో పుట్టిండు, బడి చదువు లేదు, పశువులు కాసిండు, తర్వాత తాపీ పనిలో చెయ్యి పెట్టిండు. కాకతీయ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చిన మనిషి ఒకప్పుడు మన లెక్కనే సిమెంట్ మాలు కలిపిండు. ఇది నేను సైట్ల చెప్పితే మేస్త్రీలు పని ఆపి మరీ విన్నరు.

ఐదుగురి సంగతి ఇది. ఇప్పుడు మన సంగతికి వస్త.

గల్ఫ్‌ల మనోడు ఎవరన్న పోతే ఎన్ని కాగితాలు తిరగాలెనో మీకు ఎరుకే. హాస్పిటల్ రిపోర్ట్, పోలీసుల క్లియరెన్స్, ఎంబసీల పాస్‌పోర్ట్ రద్దు చేసుకొని నిరభ్యంతర పత్రం, బాడీ చెడిపోకుండ మందు పెట్టిన సర్టిఫికెట్, కార్గో బుకింగ్. పెట్టె శంషాబాద్‌ల దిగుతది, అంబులెన్స్ ఊరికి పోతది. ఆ కాగితాలన్నిట్ల పేరు, పాస్‌పోర్ట్ నంబర్, గుండె ఆగిందన్న ఒక్క ముక్క. పదిహేనేండ్ల కష్టం అండ్ల ఎక్కడా లేదు. మొగిలయ్య లాంటోళ్లు పెద్దకర్మ నాడు ఇంటోళ్లను అడిగి కథ కట్టినా, ఇక్కడి సగం బతుకు ఇంటోళ్లకే తెల్వదు.

కొన్నేండ్ల కింద మా సైట్ల ఒక షట్టరింగ్ కార్పెంటర్ నిద్రలనే పోయిండు. నేను ఐటిఐ చదివి వచ్చిన కొత్తల నాకు లెవల్ చూసుడు కంటే ముందు కర్రను చూసుడు నేర్పిన మనిషి. ఆయన సామాను సర్దుకుంట రూమోళ్లు మాట్లాడుకుంటుంటే ఒక్కొక్క ముక్క బయటికి వచ్చింది. చిన్నప్పుడు భీవండి మగ్గాల మీద పనిచేసిండని ఒకరికి తెలుసు. ఒగ్గు కథ నోటికి వచ్చని ఇంకొకరికి తెలుసు. బిల్డింగ్ పూర్తయినంక ఒక్కసారన్న లిఫ్ట్‌ల పైదాక పోవాలని ఆయనకు ఆశ ఉండెనని మూడో ఆయనకు తెలుసు. ఏ ఒక్కరికీ అన్నీ తెల్వదు. అవి ఒక నోట్‌బుక్‌ల రాసి పెట్టెతోని పాటు ఇంటికి పంపినం. నెల తర్వాత ఆయన బిడ్డ ఫోన్ చేసింది. నాయినకు ఒగ్గు కథ వచ్చని మాకెన్నడు చెప్పలేదు కాక అన్నది.

చమురు ధర పెరిగి 1970లలో గల్ఫ్ దారి తెరుచుకున్నప్పటి నుంచి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెల్లో పడుచు మొగోళ్లు బయటనే. తాత దగ్గర మనుమడు నేర్చుకోవాల్సిన వయసుల మనుమడు పరంజి మీద ఉన్నడు. అట్లని వెనకకు పోలేం, అప్పులు అట్ల ఉన్నయ్. కని పాత కథలోళ్లు వట్టి చేతులతోని చేసిన పనికి మన చేతిల ఫోన్ ఉన్నది. శుక్రవారం ఇంటికి చేసినప్పుడు పైసల ముచ్చట అయినంక ముసలోళ్లకు ఫోన్ ఇయ్యుమనున్రి. మీ నాయిన పేరేంది, ఏ పని చేసేటోడు, కరువు వచ్చినప్పుడు ఎటు పోయిన్రు అని అడుగున్రి. రికార్డ్ బటన్ ఒత్తుతున్నమని చెప్పి ఒత్తున్రి. రూంల పక్క మంచం మీది మనిషిని కూడా అడుగున్రి, ఆయన బాగున్నప్పుడే.

మీ ఊర్లె ఈ మధ్య పోయిన మనిషి గురించి, ఇంటోళ్లు సరే అంటేనే, ఐదు నిమిషాల వాయిస్ మాకు పంపున్రి. వచ్చే ఎపిసోడ్లల్ల వినిపిస్తం. ఏ ఊరు, ఏ పని, ఎవరి దగ్గర నేర్చుకున్నరు, ఎవరికి నేర్పిన్రు. ఈ చివరిది మాత్రం మరువకుండ చెప్పున్రి. ఎవరికీ నేర్పలేదంటే అది కూడా చెప్పున్రి.