రేడియో ముల్లు ఎవరి చేతిలో?

చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్ ఎక్కడ పుట్టిందో తెలుసా మీకు? వంటింట్లో. 1910లో అమెరికాలోని ఊటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన ఇంటి వంటగదిలో వాటిని తయారుచేసి, ఆ దేశపు నౌకాదళానికి పంపాడు. వాళ్లు పరీక్షించి చూసి, బాగున్నాయి ఇంకా పంపమన్నారు. వంటగదిలో చేస్తున్న పని కదా, ఒక విడతకు పదికి మించి చెయ్యలేనన్నాడట ఆయన. అలా వంటింట్లో పుట్టిన వస్తువు మన వంటిళ్లకు రావడానికి మాత్రం నూరేళ్లు దాటింది. ఓడలెక్కి, విమానాలెక్కి, కాలేజీ పిల్లల చెవులకెక్కి, చివరికి వెయ్యి రూపాయల లోపు ధరకు, తీగ కూడా లేకుండా జొన్నరొట్టె తట్టే మన దగ్గరికి చేరింది.

నేనూ ఈమధ్యే తీగ ఇయర్‌ఫోన్లు పక్కనపెట్టి, చిన్న డబ్బాలో ఒదిగే ఆ జత ఒకటి కొనుక్కున్నాను. ఏ కంపెనీది మంచిది, చార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు వేరే సంగతి రాయాలనిపించింది. నేను పుట్టింది కడప జిల్లాలో, మెట్టింది కర్నూల్లో. ఈ రెండుచోట్ల మన ఆడవాళ్లు ఇన్నేళ్లూ ఏం విన్నారు? ఎవరు వినిపిస్తే విన్నారు?

వినడంలో మా సీమ ఆడవాళ్లకు పాత పేరే ఉంది. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట్లో పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారని మా వైపు చెప్పుకుంటారు. పశువుల కాపరి మామూలు మనిషి కాడని తెలిసినప్పుడు, నాకూ చెప్పు స్వామీ అని అడిగింది అచ్చమ్మే. ఆమె అడిగింది, ఆయన చెప్పాడు. ఏం వినాలో ఆమే కోరుకుంది. ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఆ అడగడమే గొప్పగా అనిపిస్తుంది. ఎందుకంటే మిగతా ఆడవాళ్లకు అంత వీలు లేదు. ఊళ్లో పండరి భజన పెడితే భజన, హరికథ పెడితే హరికథ, తోలుబొమ్మలాట వస్తే తోలుబొమ్మలాట. అదీ పనులన్నీ తీరాక, పిల్లల్ని ఒళ్లో వేసుకుని, ఓ పక్కగా కూర్చుని.

తర్వాత రేడియో వచ్చింది. మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది 1938 జూన్ 16న. తెలుగు మాట, తెలుగు పాట అక్కడి నుంచే గాలిలో తేలి రావాలి. విజయవాడలో కేంద్రం పెట్టింది 1948 డిసెంబరు 1న. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మా కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులు చాలక డేరాలు వేసి మరీ ప్రభుత్వం నడిపారు. మూడేళ్లపాటు రాజధానిగా ఉన్నా, కర్నూలుకు సొంత రేడియో కేంద్రం మాత్రం రాలేదు. సీమ గాలిలోకి సీమ నుంచే రేడియో మాట్లాడింది 1963 జూన్ 17న, కడపలో. అదీ మొదట వేరే కేంద్రాల కార్యక్రమాలను అందుకుని పంపేదే. సొంత కార్యక్రమాలు ఆ తర్వాత నిదానంగా వచ్చాయి. 900 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు నిలబెడితే కడప పలుకుతుందని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

ఆ రోజుల్లో ఇంటింటికీ రేడియో ఎక్కడిది? పంచాయతీ ఆఫీసులో ఒకటి ఉండేది. సాయంత్రం దాన్ని పెడితే, రచ్చబండ మీద మగవాళ్లు చేరి వ్యవసాయం మాటలు, వార్తలు వినేవాళ్లు. ఆడవాళ్లు అక్కడికి పోయి కూర్చునేది లేదు. నీళ్ల బిందె చంకన పెట్టుకుని ఆ దారిన పోతూ పోతూ చెవిన పడినంత వినాలి. మా జేజి అనేది, "సగం మాట బాయి కాడ, సగం మాట ఇంటి కాడ" అని. వార్తలో ముందు ముక్క నీళ్లకు పోయేటప్పుడు, చివరి ముక్క తిరిగొచ్చేటప్పుడు వినేదట. నడుమ ఏం జరిగిందో ఆమే ఊహించుకోవాలి.

మా జేజి ఇంటికి రేడియో వచ్చాక కూడా ముల్లు ఆమె చేతికి రాలేదు. అప్పట్లో రేడియోకు లైసెన్సు ఉండేది, గుర్తుందా? ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి, చిన్న పుస్తకంలో స్టాంపు అంటించుకోవాలి. లైసెన్సు తాత పేరు మీద. రేడియో మీద దుమ్ము పడకుండా అల్లిన గుడ్డ మాత్రం జేజిది. పొద్దున వార్తలకు తాత తిప్పేవాడు, సాయంత్రం మళ్లీ తాతే తిప్పేవాడు. జేజి వంటింట్లో నుంచే వినేది. మధ్యాహ్నం మగవాళ్లు చేలకూ ఆఫీసులకూ పోయాక వచ్చే స్త్రీల కార్యక్రమం ఒక్కటే ఆమె సొంతం. చుట్టుపక్కల వాళ్లు శెనక్కాయలు చేటల్లో పోసుకుని వచ్చేవాళ్లు. ఒలుస్తూ వినేవాళ్లు. ఒకామె విన్నది ఇంకొకామెకు నచ్చకపోతే, ఒలిచేది ఆపి వాదులాడేవాళ్లు కూడా.

రేడియోలో ఆడగొంతు వినపడితే ఆ కాలపు ఆడవాళ్లకు అదొక ధైర్యం. మా రాయలసీమలోనే, మదనపల్లెలో పుట్టిన జోలెపాళెం మంగమ్మగారు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన మొదటి మహిళ. దేశం సంగతులు ఒక ఆడమనిషి చెబుతుంటే మగవాళ్లంతా కూర్చుని వినడం! ఇప్పుడు మనకది వింతగా తోచదు గానీ, అప్పుడు అది చిన్న విషయం కాదు. ఇక సినిమా పాటలంటారా, 1952లో కేంద్ర మంత్రి కేస్కర్ ఆలిండియా రేడియోలో వాటిని పక్కన పెట్టించారు. దాంతో జనం సిలోన్ వైపు ముల్లు తిప్పారు. అక్కడ తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతు తెలియని ఇల్లు లేదు. శ్రోతలు చేజారుతున్నారని చూసి 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుపెట్టారు. ఏం వినాలో ప్రభుత్వం చెబితే, జనం చేత్తో ముల్లు తిప్పి జవాబిచ్చారన్నమాట. ఆ తిప్పే చేతుల్లో ఆడవాళ్లవి ఎన్ని అన్నదే నా ప్రశ్న.

రేడియోను కదిలించింది ట్రాన్సిస్టర్. 1947లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన ఆ చిన్న వస్తువు వల్ల రేడియో గోడ స్టాండు దిగి చేతిలోకి వచ్చింది. కరెంటు ప్లగ్గుతో పని లేదు. మా అమ్మ తరం దాన్ని వంటింటి గూట్లో పెట్టుకుంది, మిద్దె మీద వడియాలు పెట్టేటప్పుడు వెంట తీసుకుపోయింది. అయినా గొంతు పెంచితే ఇల్లంతా వినాలి. మామగారు నిద్రపోతుంటే కట్టెయ్యాలి. పిల్లలకు పరీక్షలుంటే కట్టెయ్యాలి. ముల్లు చేతికి వచ్చింది గానీ, గొంతు మాత్రం రాలేదు.

ఆ తర్వాత క్యాసెట్లు. మా ఉమ్మడి కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పోయిన వాళ్లు ఎంతమందో మీకు తెలిసిందే. మగవాళ్లే కాదు, ఇళ్లల్లో పనికి ఆడవాళ్లూ పోయారు. వాళ్లు వస్తూ తెచ్చిన టేప్ రికార్డర్లు ఊరి మిద్దెల్లో మోగేవి. చదువు రాని వాళ్లకు ఉత్తరం కంటే క్యాసెట్టే నయం. మా వీధిలో ఒకామెకు భర్త కువైట్ నుంచి మాటలు రికార్డు చేసి పంపేవాడు. ఆ క్యాసెట్టు అత్త, మామ, ఆడబిడ్డ, ఇరుగుపొరుగు, అందరి ముందూ మోగాల్సిందే. అందుకని ఆయన కూడా అందరి క్షేమాలూ అడిగి, చివర "అందరూ బాగుండండి" అని ముగించేవాడు. ఆమె కోసం విడిగా ఒక్క మాట కూడా ఉండేది కాదు. ఎట్లా ఉంటుంది చెప్పండి, అందరూ వింటుంటే? ఇప్పుడు అదే వీధిలో పిల్లలు పడుకున్నాక, చెవిలో ఇంత గింజ పెట్టుకుని కువైట్‌లో ఉన్న మనిషితో మాట్లాడుకునే కోడళ్లు ఉన్నారు. ఈ వస్తువు విలువ ఎంత అంటే నాకు ముందు వాళ్లే గుర్తొస్తారు.

ఆ గింజలోకి మాట తీగ లేకుండా ఎలా వస్తోందో కూడా చెప్పాలి. బ్లూటూత్ పని 1994లో స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో మొదలైంది. వెయ్యేళ్ల కిందటి డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరే దానికి పెట్టారు. ఫోన్, ఇయర్‌ఫోన్ ఒకే దారిలో మాట్లాడుకోవు. 79 దారుల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ మాట్లాడుకుంటాయి. అందుకే పక్కింటి వాళ్ల పాటతో మన పాట కలగలిసిపోదు. ఇలా గెంతే ఉపాయానికి 1942 ఆగస్టు 11న పేటెంటు పొందిన ఇద్దరిలో ఒకరు హాలీవుడ్ నటి హెడీ లమార్. సంగీతకారుడు జార్జ్ ఆంథీల్‌తో కలిసి, యుద్ధంలో శత్రువులు అడ్డుకోలేని రేడియో సంకేతం కోసం ఆమె దీన్ని ఆలోచించింది. నౌకాదళం అప్పుడు వాడుకోలేదు. అందగత్తెగా పేరున్న ఆమె తెలివికి గుర్తింపు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇలాంటి కథలు మన ఇళ్లల్లోనూ ఉన్నాయి, కాదంటారా?

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. అదే ఏడు చివర ఆపిల్ కంపెనీ తీగ లేని జతను అమ్మకానికి తెచ్చింది. మన దేశంలో దాని ధర 15,400 రూపాయలు. ఆ ధర చూసి మనం ఆ వైపు కూడా పోలేదు. కొన్నేళ్లకే మన దేశపు బ్రాండ్లు, బోట్, నాయిస్ లాంటివి, అదే తరహా వస్తువును వెయ్యి రూపాయల చుట్టుపక్కలకు దించాయి. ఒక పట్టుచీరకు ఫాల్ కుట్టించి, రెండు జాకెట్లు కుట్టించినంత ఖర్చు. ఎవరినీ అడగక్కర్లేకుండా పోపుల డబ్బా డబ్బుతో కొనుక్కోగలిగే వినికిడి వస్తువు మన ఆడవాళ్లకు ఇదే మొదటిది.

కానీ ఇంట్లో ఒకరు చెవులు మూసుకుంటే ఇంకొకరు ఒంటరవుతారు. మా అత్తమ్మకు డెబ్బై దాటాయి. నేను వంట చేస్తుంటే గడప దగ్గర పీట వేసుకుని కూర్చుంటుంది. ఇంతకుముందు ఫోన్‌లో పాట పెడితే ఇద్దరం వినేవాళ్లం, ఆ పాట వచ్చిన సినిమా ఏ టూరింగ్ టాకీసులో చూసిందో చెప్పేది. ఇవి కొన్న వారానికి ఒకరోజు అంది, "ఏమ్మే, నువ్వు ఇంట్లో ఉన్నెట్టా, లేనెట్టా?" అని. అందులో కోపం లేదు. అదే నన్ను ఆలోచనలో పడేసింది.

సోనీ వాక్‌మన్ కథ చదివితే అక్కడా ఇదే ఉంది. ఆ కంపెనీ పెద్ద అకియో మోరిటా ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటుంటే, తనను బయటికి నెట్టినట్టుందని భార్య నొచ్చుకుందట. అందుకే 1979 జూలై 1న అమ్మకానికి వచ్చిన మొదటి వాక్‌మన్‌కు ఇద్దరు వినేలా రెండు హెడ్‌ఫోన్ల రంధ్రాలు పెట్టించాడు. మన చవక జతలో ఆ వీలు పుట్టుకతోనే ఉంది చూడండి. గింజలు రెండు, వాటి మధ్య తీగ లేదు. ఇప్పుడు సాయంత్రం అరగంట ఒకటి అత్తమ్మ చెవిలో, ఒకటి నా చెవిలో. కడప రేడియో ఇప్పుడు ఫోన్‌లోనూ వస్తుంది కాబట్టి ఏం వినాలో ఆమే చెబుతుంది. మిగతా సమయంలో నాది నాకే, అయితే ఒక్క చెవికే. రెండో చెవి కుక్కర్‌కు, పిల్లలకు, గడప దగ్గరి మనిషికి.

ఇక మన చెవుల సంగతి. పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ మోతలో వారానికి 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మోత పెరిగేకొద్దీ ఆ గంటలు చాలా తొందరగా తగ్గిపోతాయి. మిక్సీ మోతను దాటించాలని గొంతు పెంచకండి, మిక్సీ ఆగేదాకా పాటే ఆపండి. చెమట, తడి తుడిచి డబ్బాలో పెట్టండి. చిందే నీళ్లకు తట్టుకుంటుందని రాసి ఉన్నా పొయ్యి దగ్గరి ఆవిరికి తట్టుకుంటుందని కాదు. వాటిలో బ్యాటరీ చాలా చిన్నది, రెండు మూడేళ్లకు నీరసించడం మామూలే.

మీ ఇంట్లో రేడియో ముల్లు ఎవరు తిప్పేవాళ్లు? మీ జేజినో, అవ్వనో, అమ్మనో ఒకసారి అడగండి. ఆమెకు ఇష్టమైనది ఏదో, వినలేకపోయింది ఏదో కూడా అడగండి. వాటిలో చాలావరకు ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతాయి. దొరికితే వెతికిపెట్టి, ఒక గింజ ఆమె చెవిలో పెట్టండి. ఈసారి ఏం వినాలో ఆమెనే చెప్పనివ్వండి.