ఫలక్‌నుమా సౌధము

మన జిల్లాల గడీలను చూచినవారికి హైదరాబాదులోని ఫలక్‌నుమా వేరొక లోకముగ దోచును. చార్మినారునకు దక్షిణమున, గుట్టపై, 1884లో పాయెగా ప్రభువు నవాబు వికారుల్ ఉమ్రా దీనికి పునాది వేయించెను. ఇటలీ చలువరాతి మెట్లు, రంగుటద్దాల కిటికీలు, 101 మంది ఒకేసారి కూర్చుండు భోజనపుబల్ల. అన్నియు విక్టోరియా రాణి కాలపు ఐరోపా పోకడలే. వ్యయము ప్రభువు శక్తిని మించెననియు, అప్పులే దానిని చేయిజార్చెననియు చెప్పుదురు. 1890ల చివర అది ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు చెందెను. కట్టించినవానికి దక్కినది కొన్నియేండ్ల నివాసమే!

గ్రంథాలయాభిమానులు గమనింపదగినది అందలి పుస్తకశాల. దాని చెక్కడపు పైకప్పు ఇంగ్లండులోని విండ్సర్ కోట పుస్తకశాలకు అనుకరణము. ఎంత సొగసైననేమి, సామాన్యునకు అందు ప్రవేశము లేకుండెను. విక్టోరియా రాణి మరణించిన 1901లోనే, అదే నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసి తెలుగు పాఠకునకు తలుపు తెరచెను. ఫలక్‌నుమా 2010 నుండి హోటలుగా నడచుచున్నది. భాషా నిలయము నేటికిని గ్రంథాలయమే.